గుర్రపు పందేలలో వేగం, అంచెకాలం

గుర్రపు పందెంలో నిర్ణీత దూరాన్ని పరుగెత్తడానికి గుర్రానికి పట్టిన మొత్తం కాలాన్ని పందెకాలం అంటారు. ఆ దూరాన్ని కొన్ని భాగాలుగా విభజించి ఒక్కొక్క భాగానికి పట్టిన కాలాన్ని విడిగా లెక్కించినపుడు వచ్చేది అంచెకాలం. రేసు పరిభాషలో దీనిని స్ప్లిట్ అని, సెక్షనల్ టైమ్ అని వ్యవహరిస్తారు. వేర్వేరు దూరాల పందేలను పోల్చవలసి వచ్చినపుడు పందెకాలం ఒక్కటే చాలదు. సగటు వేగం దాదాపు సమానంగా ఉన్న రెండు పరుగులు లోపల పూర్తిగా భిన్నంగా ఉండవచ్చు. ఆ భేదాన్ని చూపేవి అంచెకాలాలే.

తెలుగునాట ఈ లెక్కకు రెండు రంగస్థలాలు ఉన్నాయి. ఒకటి హైదరాబాదు మలక్‌పేటలోని రేసు కోర్సు. ఇక్కడ దూరం ముందే నిర్ణయించి కాలాన్ని కొలుస్తారు. రెండవది సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు వంటి గ్రామాలలో జరిగే ఎడ్ల బండలాగుడు పందెం. ఇక్కడ కాలాన్ని ముందే నిర్ణయించి దూరాన్ని కొలుస్తారు. కొలిచే పద్ధతి తలక్రిందులైనా, పోల్చడంలో వచ్చే చిక్కులు రెండింటికీ ఒకటే.

కొలమానాలు

పందెపు దూరాలను సంప్రదాయంగా ఫర్లాంగులలో చెబుతారు. ఒక ఫర్లాంగు 220 గజాలు, అనగా 201.168 మీటర్లు. ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు. భారతదేశంలో పందేలను మీటర్లలో ప్రకటిస్తారు కనుక ఒక ఫర్లాంగును 200 మీటర్లుగా స్థూలంగా తీసుకుంటారు. ఆ లెక్కన 1200 మీటర్లు ఆరు ఫర్లాంగులు, 1600 మీటర్లు ఎనిమిది, 2400 మీటర్లు పన్నెండు.

వేర్వేరు దూరాలను పోల్చడంలో మొదటి మెట్టు పందెకాలాన్ని ఫర్లాంగుల సంఖ్యతో భాగించడం. వచ్చిన ఫలితం ఫర్లాంగుకు సగటు కాలం. ఈ అంకె తగ్గిన కొద్దీ వేగం హెచ్చు. గుర్రాల మధ్య దూరాన్ని లెంగ్తులలో, అనగా గుర్రపు నిడివితో చెబుతారు. ఒక సెకను సుమారు ఐదు నుండి ఆరు లెంగ్తులకు సమానం. కనుక సెకనులో ఐదవ వంతు తేడా కూడా గెలుపు ఓటములను నిర్ణయించగలదు.

దూరం పెరిగిన కొద్దీ వేగం

కొన్ని ప్రసిద్ధమైన పరుగులను ఫర్లాంగు లెక్కకు మార్చి చూస్తే ఈ క్రింది విధంగా ఉంటుంది.

* 2 ఫర్లాంగులు: విన్నింగ్ బ్రూ, పెన్ నేషనల్, 2008. కాలం 20.57 సెకన్లు. ఫర్లాంగుకు 10.29 సెకన్లు. గంటకు సుమారు 70.4 కి.మీ.
* 8 ఫర్లాంగులు: డాక్టర్ ఫేగర్, ఆర్లింగ్టన్, 1968. కాలం 1 నిమిషం 32.2 సెకన్లు. ఫర్లాంగుకు 11.53 సెకన్లు. గంటకు సుమారు 62.8 కి.మీ.
* 10 ఫర్లాంగులు: సెక్రటేరియట్, కెంటకీ డెర్బీ, 1973. కాలం 1 నిమిషం 59.4 సెకన్లు. ఫర్లాంగుకు 11.94 సెకన్లు. గంటకు సుమారు 60.7 కి.మీ.
* 12 ఫర్లాంగులు: సెక్రటేరియట్, బెల్మాంట్ స్టేక్స్, 1973. కాలం 2 నిమిషాల 24 సెకన్లు. ఫర్లాంగుకు 12.00 సెకన్లు. గంటకు సుమారు 60.4 కి.మీ.
* 2400 మీటర్లు: ఆల్మండ్ ఐ, జపాన్ కప్, టోక్యో, 2018. కాలం 2 నిమిషాల 20.6 సెకన్లు. 200 మీటర్లకు 11.72 సెకన్లు. గంటకు సుమారు 61.5 కి.మీ.

మొదటి నాలుగింటిని చూస్తే, దూరం రెండు ఫర్లాంగుల నుండి పన్నెండుకు, అంటే ఆరింతలకు పెరిగినా వేగం ఏడవ వంతు మాత్రమే తగ్గినది. ఆ తగ్గుదలలో అధికభాగం రెండు, ఎనిమిది ఫర్లాంగుల నడుమనే ఉన్నది. పది, పన్నెండు ఫర్లాంగుల మధ్య తేడా ఫర్లాంగుకు 0.06 సెకను మాత్రమే.

అయితే ఈ పట్టికను జాగ్రత్తగా చదవాలి. మొదటి నాలుగు పరుగులు అమెరికా దేశపు మట్టి బాటలపై జరిగినవి, ఐదవది జపానులో పచ్చిక బాటపై జరిగినది. డాక్టర్ ఫేగర్ 134 పౌండ్లు (సుమారు 61 కిలోలు) మోసినది. సెక్రటేరియట్ రెండు పందేలలోనూ 126 పౌండ్లు (సుమారు 57 కిలోలు) మోసినది. బాట, బరువు, గాలి, మలుపులు వేరైనపుడు సెకన్ల పోలిక స్థూలమైనదే అవుతుంది.

ప్రారంభపు అంచె

నిలకడగా ఉన్న గుర్రం పూర్తి వేగాన్ని అందుకోవడానికి కొంత కాలం పడుతుంది. అందువలన గేటు నుండి లెక్కించినపుడు మొదటి 200 మీటర్ల కాలం తరువాతి అంచెల కన్నా హెచ్చుగా ఉంటుంది. ఈ నష్టం చిన్న పందెంలో పెద్దదిగా, పెద్ద పందెంలో చిన్నదిగా కనిపిస్తుంది. ఉదాహరణకు, బయలుదేరడంలో రెండు సెకన్లు అదనంగా ఖర్చు అయినవనుకుంటే, 1000 మీటర్ల పందెంలో ఆ భారం ఒక్కొక్క అంచెకు 0.4 సెకను. 2400 మీటర్ల పందెంలో అదే భారం 0.17 సెకను. చిన్న పందెపు సగటును పెద్ద పందెపు సగటుతో నేరుగా పోల్చితే చిన్న పందెంలోని వేగాన్ని తక్కువగా అంచనా వేసినట్లు అవుతుంది.

గడియారం మొదలయ్యే చోటు కూడా అన్ని దేశాలలో ఒకటి కాదు. అమెరికాలో గేటు నుండి కొంత దూరం పరుగెత్తిన తరువాతనే కాలాన్ని లెక్కించడం ఆనవాయితీ. గేటు తెరుచుకున్న క్షణం నుండే లెక్కించే దేశాలతో పోల్చినపుడు అక్కడి మొదటి అంచె మెరుగ్గా కనిపిస్తుంది. పైన చెప్పిన విన్నింగ్ బ్రూ కాలాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి.

శరీరధర్మం

గుర్రం దౌడు తీయునపుడు ప్రతి అంగకు ఒక శ్వాస చొప్పున తీసుకుంటుంది. వ్యాయామ సమయంలో ప్లీహం సంకోచించి, అందులో నిలవ ఉన్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి విడుదల చేస్తుంది. దీనివలన ప్రాణవాయువును మోసే శక్తి పెరుగుతుంది. ఇది కాక, ప్రాణవాయువు అందకుండానే కండరాలు కొంత శక్తిని వెలువరించగలవు. ఈ రెండవ రకం శక్తి పరిమితమైనది. దానిని మొదటనే ఖర్చు చేస్తే చివరి అంచెలలో వేగం పడిపోతుంది.

ఎంత దూరానికి ఎంత వేగం తగినదనే ప్రశ్నను గణితశాస్త్రవేత్తలు కూడా పరిశీలించారు. జోసెఫ్ కెల్లర్ 1974లో మనుషుల పరుగు గురించి ఒక సిద్ధాంతాన్ని ప్రచురించాడు. దాని ప్రకారం సుమారు 291 మీటర్ల వరకు శక్తి కొలదీ పరుగెత్తడమే ఉత్తమం. అంతకు మించిన దూరాలలో వేగాన్ని అందుకొని, దానిని నిలకడగా ఉంచి, చివర స్వల్పంగా తగ్గడం ఉత్తమం. గుర్రాల విషయంలో క్వెంటిన్ మెర్సియే, అమాండిన్ అఫ్టాలియన్ అనే శాస్త్రవేత్తలు ఫ్రాన్సులోని షాంటియీ రేసు కోర్సులో 1300, 1900, 2100 మీటర్ల పందేల కొలతలను ఆధారం చేసుకొని 2020లో ఒక అధ్యయనం వెలువరించారు. మలుపులు, ఎత్తుపల్లాలు సైతం అంచెల వేగాన్ని మారుస్తాయని అందులో లెక్కలోకి తీసుకున్నారు.

ఒకే గుర్రం, రెండు పందేలు

అంచెకాలాల ప్రాధాన్యాన్ని తెలుసుకొనుటకు సెక్రటేరియట్ చక్కని ఉదాహరణ. ఈ గుర్రం 1973 మే 5న కెంటకీ డెర్బీని, జూన్ 9న బెల్మాంట్ స్టేక్స్‌ను గెలిచినది. రెండింటి మధ్య ఎడం ఐదు వారాలు. జాకీ ఒకడే, రాన్ టర్కాట్. మోసిన బరువూ ఒకటే. రెండేసి ఫర్లాంగుల చొప్పున దాని అంచెకాలాలు ఇవి (సెకన్లలో).

* కెంటకీ డెర్బీ (10 ఫర్లాంగులు): 25.2, 24.0, 23.8, 23.4, 23.0. మొత్తం 119.4.
* బెల్మాంట్ స్టేక్స్ (12 ఫర్లాంగులు): 23.6, 22.6, 23.6, 24.4, 24.8, 25.0. మొత్తం 144.0.

డెర్బీలో ప్రతి అంచె దాని ముందరి అంచె కన్నా వేగవంతమైనది. బెల్మాంట్‌లో రెండవ అంచె తరువాత వేగం క్రమంగా తగ్గినది. మామూలుగా దూరం ఎక్కువైనపుడు నెమ్మదిగా బయలుదేరాలని భావిస్తారు. ఇక్కడ పెద్ద పందెంలోనే మొదటి నాలుగు ఫర్లాంగులు మూడు సెకన్లు ముందుగా పూర్తయినవి (46.2 సెకన్లు, డెర్బీలో 49.2). అయినప్పటికీ రెండు పందేల సగటులో తేడా ఫర్లాంగుకు 0.06 సెకను మాత్రమే. సగటును మాత్రమే చూసిన పాఠకునికి ఈ రెండు పరుగులు ఒకే తీరుగా తోస్తాయి.

బెల్మాంట్‌లో మొదటి ఆరు ఫర్లాంగుల వరకు షామ్ అనే గుర్రం సెక్రటేరియట్ పక్కనే పరుగెత్తినది. డెర్బీలో రెండవ స్థానం పొందిన ఈ గుర్రం, బెల్మాంట్‌లో ఐదు గుర్రాలలో చివరిదిగా ముగించినది. సెక్రటేరియట్ 31 లెంగ్తుల తేడాతో గెలిచినది. ఒకే ఆరంభ వేగం ఒక గుర్రానికి చరిత్రాత్మక విజయం కాగా, మరొక గుర్రానికి మోయలేని భారమైనది. ముందు ఇంకా ఎంత దూరం ఉన్నది, ఆ గుర్రానికి ఎంత సత్తువ ఉన్నది అన్న రెండు విషయాలు తెలియకుండా ఒక అంచెకాలాన్ని మంచిదని గాని, చెడ్డదని గాని చెప్పడానికి వీలులేదు.

ముగింపు శాతం

పరుగు తీరును ఒకే అంకెతో చెప్పుటకు ముగింపు శాతం అనే లెక్కను వాడతారు. మొత్తం పందెంలో ఒక అంచెకు పట్టిన సగటు కాలాన్ని చివరి అంచె కాలంతో భాగించి నూరుతో గుణిస్తే ఇది వస్తుంది. నూరు వస్తే చివరి అంచె సగటు వేగంతోనే సాగినదని అర్థం. నూరుకు మించితే చివర వేగం పెరిగినట్లు, తగ్గితే అలసినట్లు.

డెర్బీలో సెక్రటేరియట్ సగటు అంచె (రెండు ఫర్లాంగులకు) 23.88 సెకన్లు, చివరి అంచె 23.0. శాతం 103.8. బెల్మాంట్‌లో సగటు 24.0, చివరిది 25.0. శాతం 96. దూరంతో సంబంధం లేకుండా పోల్చగలగడం ఈ లెక్కలోని సౌలభ్యం. అయితే హెచ్చు శాతం ఎల్లప్పుడూ గొప్ప పరుగుకు గుర్తు కాదు. పందెమంతా మందకొడిగా సాగి చివరి 400 మీటర్లలో మాత్రమే దౌడు తీసినా శాతం నూరు దాటుతుంది. కనుక ముగింపు శాతాన్ని పందెకాలంతో కలిపి చదవాలి.

కొలతలో జరిగే పొరపాట్లు

ముందున్న గుర్రపు కాలం: అనేకచోట్ల అధికారికంగా ప్రకటించే అంచెకాలాలు ఆయా గుర్తుల వద్ద ముందున్న గుర్రానికి చెందినవి. గెలిచిన గుర్రానికి చెందినవి కావు. 1973 కెంటకీ డెర్బీలో మొదటి రెండు ఫర్లాంగులకు ప్రకటించిన కాలం 23.4 సెకన్లు. అది అప్పుడు ముందున్న షెకీ గ్రీన్ అనే గుర్రానిది. వెనుక ఉన్న సెక్రటేరియట్‌కు అదే దూరానికి 25.2 సెకన్లు పట్టినది. ప్రకటించిన అంకెలనే విజేతకు ఆపాదిస్తే పరుగు తీరు పూర్తిగా తారుమారవుతుంది. హాంగ్‌కాంగ్‌లో ప్రతి గుర్రానికీ విడివిడిగా అంచెకాలాలను ప్రచురిస్తారు.

గడియారపు దోషం: అదే సంవత్సరం మే 19న పిమ్లికోలో జరిగిన ప్రీక్‌నెస్ స్టేక్స్‌ను కూడా సెక్రటేరియటే గెలిచినది. యంత్రం చూపిన కాలం 1 నిమిషం 55 సెకన్లు. దానిపై సందేహాలు రావడంతో కాలాన్ని 1 నిమిషం 54.4 సెకన్లకు సవరించారు. చేతి గడియారాలతో లెక్కించిన పత్రికా ప్రతినిధులు అంతకన్నా తక్కువ కాలాన్ని నమోదు చేశారు. చివరకు 2012లో మేరీలాండ్ రేసింగ్ కమిషన్ దృశ్య చిత్రాలను పరిశీలింపజేసి 1 నిమిషం 53 సెకన్లుగా నిర్ధారించినది. ఆ పందెంలో రికార్డు ఆ గుర్రానిదేనని అధికారికంగా ఒప్పుకోవడానికి 39 సంవత్సరాలు పట్టినది.

బాట స్థితి: వానకు తడిసిన పచ్చిక బాటపై కాలాలు పెరుగుతాయి. నేల మెత్తదనాన్ని పెనిట్రోమీటర్ అనే సాధనంతో కొలుస్తారు. పచ్చికను కాపాడటానికి లోపలి కంచెను కొన్ని మీటర్లు వెలుపలికి జరిపినపుడు మలుపులలో పరుగెత్తవలసిన దూరం మారవచ్చు.

ఒక దూరం నుండి మరొక దూరానికి అంచనా

మనుషుల పరుగులో పీటర్ రీగల్ 1977లో సూచించిన సూత్రం ప్రసిద్ధమైనది. దాని ప్రకారం దూరం ఎన్ని రెట్లు పెరిగినదో ఆ సంఖ్యను 1.06 ఘాతానికి హెచ్చించి, తెలిసిన కాలంతో గుణించాలి. 1600 మీటర్లను 98 సెకన్లలో పరుగెత్తిన గుర్రం 2400 మీటర్లకు ఎంత తీసుకుంటుందనే ప్రశ్నను తీసుకుందాం. ఒకటిన్నర రెట్లు చేస్తే 147 సెకన్లు వస్తుంది. రీగల్ సూత్రం ప్రకారం సుమారు 150.6 సెకన్లు. తేడా 3.6 సెకన్లు, అనగా సుమారు 18 లెంగ్తులకు పైమాటే. త్రైరాశికం ఇక్కడ పనికిరాదని దీనివలన స్పష్టమవుతుంది.

గుర్రాలకు ఈ సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేయరాదు. సెక్రటేరియట్ డెర్బీ, బెల్మాంట్ కాలాల నుండి లెక్కిస్తే ఘాతం సుమారు 1.03 మాత్రమే వస్తుంది. చిన్న దూరాలకు పెంచిన గుర్రానికి ఇది చాలా హెచ్చుగా ఉంటుంది. వంశం, శిక్షణ, స్వభావాన్ని బట్టి ప్రతి గుర్రానికీ ఈ అంకె మారుతుంది.

హైదరాబాదు పందేలు

హైదరాబాదులో పందేలు మొదట మౌలాలీలో జరిగేవి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మార్చబడినవి. హైదరాబాదు రేస్ క్లబ్ ఆధ్వర్యంలో వర్షాకాలం, శీతాకాలం అనే రెండు సీజన్లలో పందేలు జరుగుతాయి. ఇక్కడి పందేలలో 1100, 1200, 1400, 1600, 1800, 2000 మీటర్ల దూరాలు సాధారణం. వర్షాకాలపు ప్రధాన పందెమైన దక్కన్ డెర్బీ దూరం 2000 మీటర్లు. ముంబయి మహాలక్ష్మిలో జరిగే ఇండియన్ డెర్బీ దూరం 2400 మీటర్లు.

భారతీయ పందేలలో దూరాల భేదాన్ని ఒకేచోట చూడదగిన సందర్భం ఇన్విటేషన్ కప్ ఉత్సవం. ఇది వివిధ రేసు కేంద్రాలలో వంతుల వారీగా జరుగుతుంది. ఇందులో స్ప్రింటర్స్ కప్ 1200 మీటర్లు, సూపర్ మైల్ కప్ 1600, ఇన్విటేషన్ కప్ 2400, స్టేయర్స్ కప్ 3000 మీటర్లు. ఒకే బాటపై, దాదాపు ఒకే వాతావరణంలో జరుగుతాయి కనుక ఈ నాలుగింటి ఫర్లాంగు సగటులను పోల్చడం ఇతర పోలికల కన్నా సమంజసం.

సుప్రీంకోర్టు 1996లో కె. ఆర్. లక్ష్మణన్ కేసులో గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదని తీర్పు చెప్పినది. అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన పందెం కాసినవారికి నష్టం రాదని కాదు. ఒక పందెకాలాన్ని చూసి మరొక దూరంలో గెలుపును ఊహించడం డబ్బు పోగొట్టుకునే మార్గాలలో ఒకటి.

మేళ్లచెరువు ఎడ్ల పందేలు

మేళ్లచెరువు సూర్యాపేట జిల్లాలో కోదాడకు సమీపంలో ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు వరకు ఇది నల్గొండ జిల్లాలో ఉండేది. ఇక్కడి స్వయంభు శంభులింగేశ్వరస్వామి ఆలయంలో మహాశివరాత్రికి జాతర జరుగుతుంది. జాతర సందర్భంగా నిర్వహించే ఎడ్ల పందేలకు తెలంగాణ నుండే గాక ఆంధ్రప్రదేశ్ నుండి కూడా రైతులు తమ ఎడ్ల జతలను తీసుకొని వస్తారు. బండలాగుడులో ఒంగోలు జాతి ఎడ్లది ప్రముఖ స్థానం.

ఈ పందెంలో జత ఎడ్లు బరువైన బండను లాగుతాయి. ఎడ్ల వయస్సును పళ్ళను బట్టి నిర్ణయించి, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. ఆపైన జూనియర్, సీనియర్ విభాగాలు ఉంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. నిర్ణీత నిమిషాలలో ఎక్కువ అడుగులు లాగిన జత గెలుస్తుంది.

ఇక్కడ అంచెకాలానికి బదులు అంచెదూరం ఉంటుంది. ఉదాహరణకు, పది నిమిషాల పందెంలో ఒక జత మొదటి ఐదు నిమిషాలలో 1,650 అడుగులు, తరువాతి ఐదు నిమిషాలలో 1,350 అడుగులు లాగినదనుకుందాం. మొత్తం 3,000 అడుగులు, అనగా నిమిషానికి 300 అడుగులు, గంటకు సుమారు 5.5 కి.మీ. రెండవ జత 1,480, 1,500 అడుగుల చొప్పున మొత్తం 2,980 అడుగులు లాగినదనుకుందాం. పందెం మొదటి జతదే. కాని ముగింపు శాతం మొదటి జతకు 90, రెండవ జతకు 100.7. ఇదే బరువుతో పందెం పదిహేను నిమిషాలైతే రెండవ జత గెలిచే అవకాశం హెచ్చు. గుర్రాలలో దూరం పెరిగినపుడు విజేత మారినట్లే, ఇక్కడ కాలం పెరిగినపుడు విజేత మారుతుంది.

విభాగాల మధ్య పోలికకు మరొక చిక్కు కలదు. బండ బరువు వేరు కనుక అడుగులను నేరుగా పోల్చరాదు. బాట చివర ఎడ్లను మళ్ళించడానికి కొంత కాలం పోతుంది. బాట పొట్టిదైతే మళ్ళింపులు ఎక్కువ. నేల గట్టిదనాన్ని బట్టి బండ రాపిడి మారుతుంది. అందువలన ఒక ఊరి పందెంలో వచ్చిన అడుగులను మరొక ఊరి అడుగులతో పోల్చేటపుడు బండ బరువు, బాట పొడవు, నేల తీరు మూడూ తెలిసి ఉండాలి.

జంతువుల సంరక్షణ

అంచెకాలాలు జంతువు అలసటను తెలుసుకొనుటకు కూడా ఉపకరిస్తాయి. చివరి అంచెలో వేగం హఠాత్తుగా పడిపోవడం శక్తి ఉడిగినదనడానికి గాని, గాయపడినదనడానికి గాని గుర్తు కావచ్చు. ఆ స్థితిలో కొరడాతో వేగాన్ని రాబట్టాలని చూడటం హానికరం. జంతువులపట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 గుర్రాలకు, ఎడ్లకు వర్తిస్తుంది. ఒక జంతువు వరుస పందేలలో చూపిన ముగింపు శాతాలను నమోదు చేసి ఉంచితే, దానికి తగిన దూరమేదో, విశ్రాంతి ఎప్పుడు అవసరమో యజమానికి తెలుస్తుంది.